తూనీగల స్టాంపులు: కొత్తవి కొనాలా, ముద్ర పడ్డవి కొనాలా?

పోయిన దసరా సెలవులకి మా మేనకోడలు టెక్కలి నుంచి శ్రీకాకుళం వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. స్టాంపులు దాచుకునే నా స్టాక్ బుక్ తీసి ఒక్కో పేజీ తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. "మావయ్యా, ఇది మన చెరువు కాడ తూనీగే కదేటి? మరి సింగపూర్ అని రాసుందేటి?" అంది.

ఆ పిల్ల కన్ను మంచిది. అది 1985లో సింగపూర్ వేసిన కీటకాల సిరీస్‌లోని రెండు డాలర్ల స్టాంపు. దాని మీదున్న ఎర్ర తూనీగ శాస్త్రీయ నామం ట్రైథెమిస్ అరోరా. అదే తూనీగ మన వైపు తామరాకులున్న ప్రతి చెరువు గట్టునా వాలుతుంది. సింగపూర్‌లోనూ ఉంది, టెక్కలిలోనూ ఉంది.

సెలవులు అయ్యేలోపే తనూ తూనీగల స్టాంపులు పోగేస్తానంది. ఇక ప్రశ్నలు మొదలు. ఏ దేశానివి కొనాలి? కొత్తవి కొనాలా, వాడినవి కొనాలా? సెట్ మొత్తం తీసుకోవాలా, ఒక్కటి చాలా? తనకి చెప్పిన జవాబులే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండేవాళ్లకి ఇవి ఎక్కువ పనికొస్తాయి. మన సముద్రపు గాలి, మన చెమ్మ, మన చెరువులు కూడా ఈ ఎంపికలో లెక్కలోకి వస్తాయి కాబట్టి.

దేశం చూసి కొనాలా, తూనీగని చూసి కొనాలా

తూనీగ ఉన్న స్టాంపులు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, తూనీగల కోసమే వేసిన సెట్లు. 1991లో జర్మనీ తన దేశపు తూనీగల మీద ఒక సెట్ వేసింది. వియత్నాం కూడా తూనీగలకే ఒక సెట్ కేటాయించింది. రెండోది, రకరకాల పురుగుల మధ్య ఒకటో రెండో తూనీగలు వచ్చే సెట్లు. బ్రిటన్ 1985 మార్చి 12న వేసిన ఐదు కీటకాల సెట్‌లో ముప్పై నాలుగు పెన్నీల స్టాంపు మీద ఎంపరర్ తూనీగ ఉంది. అమెరికా 1999 అక్టోబరులో ఇరవై స్టాంపుల షీటు ఒకటి వేసింది. కీటకాలూ సాలీళ్లూ కలిపి ఉన్న ఆ షీటులో నల్ల రెక్కల సన్న తూనీగ ఒకటి ఉంది. మూడోది, చెరువు బొమ్మలో తూనీగ ఒక భాగంగా కనిపించేవి. బ్రిటన్ 2001లో చెరువుల్లో బతికే జీవుల మీద వేసిన సెట్ అలాంటిదే.

చాలామంది మొదటి రకంతో మొదలుపెడతారు. సెట్ మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది, పేజీ నిండుగా కనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం రెండో రకంతో మొదలుపెట్టమంటాను. అదీ మీరు కళ్లారా చూసిన తూనీగ ఉన్న స్టాంపుతో.

ఇలా ఎందుకంటున్నానో ఆ సింగపూర్ సిరీస్‌తోనే చెప్తాను. అందులో మనవాళ్లు రెండున్నాయి. రెండు డాలర్ల మీది ట్రైథెమిస్ అరోరా ఒకటి. అన్నిటికన్నా తక్కువ విలువైన ఐదు సెంట్ల మీది సెరియాగ్రియాన్ సెరినోరుబెల్లం ఇంకోటి. రెండోది సన్న తూనీగ. తోక అని మనం పిలిచేది నిజానికి దాని పొట్ట. ఆ పొట్ట రెండు చివరలా నారింజ ఎరుపు, మధ్యలో నలుపు. రొమ్ము భాగం నీలం కలిసిన ఆకుపచ్చ. దీని దగ్గర బంధువు ఇంకోటి మన వైపు గట్ల మీద గడ్డిలో ఎప్పుడూ కనిపిస్తుంది. అది పసుపు రంగులో ఉండే సెరియాగ్రియాన్ కోరమండేలియానం. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం పేరే దానికి పెట్టారు. స్టాంపు చేతిలో పెట్టుకుని గట్టు మీద కూర్చుంటే ఈ రెంటికీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఎర్ర తూనీగ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మన చెరువుల్లో ఎర్ర తూనీగలు ఒకటి కన్నా ఎక్కువ రకాలున్నాయి. క్రోకోథెమిస్ సర్విలియా అనేది నిలువెల్లా పండు మిరపకాయ ఎరుపు. ట్రైథెమిస్ అరోరా మగదైతే ఆ ఎరుపులో గులాబీ, ఊదా ఛాయ కలిసుంటుంది. ముఖ్యంగా దాని రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉంటాయి. రెక్క ఒంటికి అతుక్కునే చోట తేనె రంగు మచ్చ ఉంటుంది. ఆడది ఎరుపే కాదు, పసుపు గోధుమ రంగులో ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసి చూపించే లెన్సుతో స్టాంపు మీద ఈ గుర్తులు వెతకండి. తర్వాత ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండ ఎక్కేటప్పుడు చెరువు దగ్గరికి వెళ్లండి. ఏ దేశపు పూర్తి సెట్ కొన్నా ఇంత ఆనందం రాదు.

ఇలా పోల్చి చూడటం అలవాటైతే స్టాంపు బొమ్మ మంచిదో కాదో కూడా తెలిసిపోతుంది. తూనీగ చచ్చాక దాని రంగులు త్వరగా మాసిపోతాయి. కళ్ల రంగైతే ముందే పోతుంది. మ్యూజియంలో సూది గుచ్చి ఉంచిన తూనీగని చూసి గీసిన బొమ్మల్లో కళ్లు మట్టి రంగులో ఉంటాయి, ఒళ్లు వాడిపోయినట్టుంటుంది. బతికున్న తూనీగని చూసి గీసిన బొమ్మలో కళ్లు వెలుగుతాయి. రెండు స్టాంపులు ఒకే ధరకి దొరికితే రెండోదే తీసుకోండి.

పెద్ద తూనీగ, సన్న తూనీగ తేడా కూడా తెలిసి ఉండాలి. అమ్మేవాళ్లు రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు. పెద్ద తూనీగ వాలినా రెక్కలు చాపే ఉంచుతుంది. దాని వెనక రెక్కలు ముందు రెక్కల కన్నా వెడల్పు. సన్న తూనీగల్లో చాలావరకు రెక్కలు మూసి వీపు మీద నిలబెడతాయి, రెండు కళ్లూ ఎడంగా ఉంటాయి. అమెరికా షీటులోది ఈ సన్న రకమే. బ్రిటన్ 2008లో అంతరించే ప్రమాదంలో ఉన్న పది కీటకాల మీద వేసిన స్టాంపుల్లో ఉన్నదీ సన్న తూనీగే. రెండు రకాలూ ఒకే ఆల్బమ్‌లో పెట్టొచ్చు, కానీ పేజీలు వేరు చేయండి.

ఈ రెండు రకాలకీ మధ్య నిలబడే తూనీగ ఒకటుంది. జపాన్ 1986, 87లలో వేసిన కీటకాల సిరీస్‌లో అరవై యెన్ల స్టాంపు మీద అది ఉంది. ఎపియోఫ్లెబియా సూపర్‌స్టెస్ దాని పేరు. జపాన్‌లో 'ముకాషి తొంబో' అంటారు, పాతకాలపు తూనీగ అని అర్థం. ఒళ్లు పెద్ద తూనీగలా దిట్టంగా ఉంటుంది, రెక్కలు మాత్రం సన్న తూనీగలా మూసుకుంటుంది. నీళ్లలో పిల్ల పురుగుగానే ఏళ్లకేళ్లు గడుపుతుంది. దీని బంధువు మన దేశంలోనే ఉంది, డార్జిలింగ్ వైపు హిమాలయాల వాగుల్లో. మన చెరువుల తూనీగలతో మొదలుపెట్టాక ఊరు దాటి కొనే మొదటి స్టాంపు ఇదే అయితే బాగుంటుంది. ధర కూడా ఎక్కువ ఉండదు.

ఇంకో పేరు గుర్తుంచుకోండి: పాంటలా ఫ్లావెసెన్స్. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వరి చేల మీద గుంపులు గుంపులుగా, వాలకుండా తిరిగే పసుపు తూనీగ ఇదే. తూనీగలు కిందికి దిగి ఎగిరితే వానొస్తుందని మన పెద్దలు అంటారు కదా, ఎక్కువగా వాళ్లు చూసింది ఈ గుంపుల్నే. మాల్దీవుల్లో ఉండే జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ఏటా అక్టోబరులో ఆ దీవులకి ఇవి వేలకొద్దీ రావడం గమనించారు. నేల మీద మంచినీళ్లే సరిగా నిలవని దీవులకి ఇన్ని తూనీగలు ఎక్కడివని ఆరా తీశారు. ఇవి ఇండియా నుంచి బయల్దేరి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి వెళ్తున్నాయని 2009లో రాశారు. గ్రాములో మూడో వంతు కూడా తూగని పురుగు చేసే ప్రయాణం అది. ఏ దేశపు స్టాంపు మీదైనా సరే, ఏ స్థితిలో ఉన్నా సరే, ఈ పేరు కనిపిస్తే వదలొద్దని మా మేనకోడలికి చెప్పాను.

కొత్తదా, ముద్ర పడ్డదా

అసలు ఎంపిక ఇక్కడే. డబ్బు పోయేదీ, మనసు నొచ్చుకునేదీ ఇక్కడే.

పోస్టాఫీసు నుంచి ఎలా వచ్చిందో అలాగే, వెనక గమ్ము చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని మింట్ అంటారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. తూనీగ బొమ్మ మీద ఏ నల్ల గీతా ఉండదు. ధర కూడా ఎక్కువే. పోటీలకి పంపే ఉద్దేశముంటే మింటే కొనమని చాలామంది సలహా ఇస్తారు. నా దగ్గరున్న జర్మనీ సెట్ కూడా అలా కొన్నదే. నెలల తరబడి డబ్బు దాచి తెప్పించుకున్నాను.

అప్పుడు నా ఆల్బమ్‌లు ఉద్దానంలో మా సొంతింట్లో, చెక్క బీరువాలో ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. బీరువా తలుపు తీసేసరికి రెండు రోజులు గడిచాయి. జర్మనీ సెట్ ఉన్న పేజీ తెరవబోతే తెరుచుకోలేదు. స్టాంపుల వెనక గమ్ము కరిగి, పేజీకీ, ఎదురు పేజీకీ, పక్క స్టాంపుకీ అతుక్కుపోయి గట్టి అట్టలా తయారైంది. నీళ్లలో నానబెట్టి విడదీశాను. బొమ్మలు దక్కాయి గానీ గమ్ము మొత్తం పోయింది. గమ్ము లేని కొత్త స్టాంపుకి సంతలో విలువ బాగా పడిపోతుంది. పోస్టు ముద్రా ఉండదు, గమ్మూ ఉండదు, అటూ ఇటూ కాకుండా పోతుంది.

అదే బీరువాలో, అదే తడిలో ఉన్న ముద్ర పడ్డ స్టాంపులకి ఏమీ కాలేదు. వాటి వెనక గమ్ము ఎప్పుడో కవరు మీంచి తీసేటప్పుడే కడిగేశాం కదా. నాన్నగారి పాత నూలు పంచె నీడలో పరిచి, దాని మీద బోర్లించి ఆరబెట్టాను. రెండో రోజుకి కాస్త ముడుచుకున్నాయి. లావుపాటి పుస్తకంలో పెట్టి నొక్కితే మూడు రోజుల్లో సాపు అయ్యాయి. సింగపూర్ ఎర్ర తూనీగ ఆ పంచె మీద ఆరినదే.

అందుకే మన తీరంలో ఉండేవాళ్లకి నా సలహా సూటిగా చెప్తున్నాను: ముద్ర పడ్డవే కొనండి. తుపాను రాకపోయినా ఇదే మాట. జూన్ నుంచి నవంబరు దాకా మన ఇళ్లలో ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మకి గమ్ము మెత్తబడుతుంది, దాని మీద గోధుమ రంగు తుప్పు మచ్చలు లేస్తాయి. ఒక స్టాంపుకి మచ్చ లేస్తే పక్కవాటికీ పాకుతుంది. ఏసీ గదిలో, సిలికా జెల్ పెట్టి, నెలకోసారి తీసి చూసుకునే ఓపికున్నవాళ్లు మింట్ కొనుక్కోవచ్చు. బొబ్బిలి, పార్వతీపురం వైపు ఉండేవాళ్లకి సముద్రపు గాలి కాస్త దూరం కాబట్టి ఇబ్బంది తక్కువ. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉండేవాళ్లు మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించుకోండి.

ముద్రల్లో కూడా రెండు రకాలున్నాయి. ఉత్తరం మీద నిజంగా ప్రయాణం చేసి వచ్చినది ఒకటి. పోస్టాఫీసు వాళ్లే సేకరించేవాళ్ల కోసం షీట్లకి షీట్లు ముద్ర కొట్టి చవగ్గా అమ్మేసినది రెండోది. ఈ రెండోదాన్ని సీటీఓ (క్యాన్సెల్డ్ టు ఆర్డర్) అంటారు. గుర్తుపట్టడం సులువు. ముద్ర సరిగ్గా ఒక మూలన, పావు వంతు వృత్తంలా, అచ్చు గుద్దినంత శుభ్రంగా ఉంటుంది. తిప్పి చూస్తే వెనక గమ్ము అలాగే ఉంటుంది. ఒకప్పటి తూర్పు యూరప్ దేశాలవి, మంగోలియా, వియత్నాం లాంటి దేశాలవి ఇలాంటివి చాలా దొరుకుతాయి. యాభై, వంద స్టాంపుల ప్యాకెట్లలో వచ్చేవి ఎక్కువ ఇవే. పిల్లలు రంగులు చూసి మురిసిపోవడానికి ఫరవాలేదు, చవక కూడా. కానీ వెనక గమ్ము ఉంది కాబట్టి చెమ్మ బాధ వీటికీ ఉంది. ఉత్తరం మీద తిరిగిన కథ మాత్రం లేదు. రెండు రకాల నష్టమూ ఉన్నది ఇదే కాబట్టి నా వరుసలో దీనికి చివరి స్థానం.

ఫస్ట్ డే కవర్లు, అంటే స్టాంపు విడుదలైన రోజునే ముద్ర వేసిన కవర్లు, కొనొచ్చా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్ 1985 సెట్ లాంటివి కవరు మీద ఐదూ కలిపి తక్కువ ధరకే దొరుకుతాయి. చూడ్డానికి నిండుగా ఉంటాయి. కాకపోతే మీకు కావలసిన తూనీగ ఒకటే, మిగతా నాలుగూ బంబుల్ బీ, అక్షింతల పురుగు, మిడత, కొమ్ముల పురుగు. చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. కొంటే కవరు మూత వెనక ఉన్న గమ్ముకీ కవరుకీ మధ్య ఒక బటర్ పేపరు ముక్క పెట్టండి. లేకపోతే మొదటి వానాకాలానికే అంటుకుపోతుంది.

వీటన్నిటి కన్నా నేను పైన పెట్టేది మామూలు ఉత్తరం కవరు. ఎవరో ఎవరికో నిజంగా రాసినది, స్టాంపు దాని మీదే ఉన్నది. మన జిల్లాల వాళ్లకి ఇందులో ఒక అదృష్టం ఉంది. ఉద్దానం నుంచి, తీరం వెంబడి ఊళ్ల నుంచి గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ పనికి వెళ్లినవాళ్లు ఎంతమందో. వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. మా చిన్నాన్న సింగపూర్‌లో ఓడల మరమ్మతు పనికి వెళ్లి 1987లో మా నాన్నమ్మకి ఒక రిజిస్టరు ఉత్తరం పంపారు. చెల్లెలి పెళ్లికి డబ్బు ఎప్పుడు పంపేదీ అందులో రాశారు. ఆ కవరు మీద రెండు డాలర్ల ఎర్ర తూనీగ ఉంది. గుండ్రటి ముద్ర అంచు కుడి రెక్క కొస మీదుగా పోతుంది. తేదీ స్పష్టంగా చదవొచ్చు. కవరు తిప్పితే వెనక సోంపేట పోస్టాఫీసు ముద్ర. ఇక్కడి గట్ల మీద ఎగిరే తూనీగ బొమ్మ సింగపూర్‌లో ముద్ర వేయించుకుని, సముద్రం దాటి మళ్లీ ఇక్కడికే వచ్చింది. నా దగ్గరున్న వాటిలో ఏ ఒక్కటి ఉంచుకోమన్నా ఆ కవరే ఉంచుకుంటాను.

కాబట్టి కొనే ముందు ఇంట్లో అటక మీద చూడండి. అలాంటి కవరు దొరికితే దయచేసి స్టాంపు కత్తిరించొద్దు, నానబెట్టొద్దు. కవరు కవరుగానే దాచండి. స్టాంపు ఊడదీస్తే అది మామూలు స్టాంపు అయిపోతుంది.

సెట్టా, ఒక్కటా

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. తూనీగల కోసమే వేసిన సెట్ అయితే మొత్తం తీసుకోండి. పురుగుల సెట్‌లో ఒక్క తూనీగే ఉంటే ఆ ఒక్కటే అడగండి. అమెరికా ఇరవై స్టాంపుల షీటు మొత్తం కొనే బదులు ఆ ఒక్క నల్ల రెక్కల తూనీగ వాడినది తీసుకుంటే షీటు ధరలో చిన్న వంతుకే వస్తుంది. మిగిలిన డబ్బుతో ఇంకో దేశపు తూనీగ వస్తుంది.

నకిలీల సంగతి

ఇక్కడ మాత్రం కొంచెం ఆగి చదవండి. తూనీగలు, సీతాకోకచిలుకలు, పిల్లులు, రైళ్లు... వీటికి గిరాకీ ఎక్కువని తెలిసి, ఏ పోస్టాఫీసుతోనూ సంబంధం లేకుండా కొందరు షీట్లు అచ్చువేసి అమ్ముతుంటారు. మీద ఏదో ఆఫ్రికా దేశం పేరో, రష్యాలోని ఏదో ప్రాంతం పేరో ఉంటుంది. ఆ దేశపు తపాలా శాఖకి ఆ స్టాంపు సంగతే తెలియదు. ఆరేడేళ్ల కిందట ఒక అమ్మకందారు దగ్గర ఆరు తూనీగలున్న చిన్న షీటు చూసి ముచ్చటపడి తీసుకున్నాను. కాగితం మెరుపు చూసి అనుమానం వచ్చింది. తర్వాత సరిచూస్తే ఆ దేశం అలాంటిది వేయనే లేదు.

సరిచూసుకునే మార్గం ఉంది. ప్రపంచ తపాలా సంఘం 2002 నుంచి డబ్ల్యూఎన్ఎస్ అనే నంబర్ల పద్ధతి నడుపుతోంది. అందులో చేరిన దేశాలు వేసే అసలు స్టాంపులకి ఒక్కోదానికి ఒక నంబరుంటుంది, బొమ్మతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 2002 తర్వాతి తూనీగ షీటు ఏది కొనాలన్నా ముందు అందులో వెతకండి. అన్ని దేశాలూ అందులో లేవు కాబట్టి, అక్కడ దొరకనిదల్లా నకిలీ అని తేల్చేయకూడదు. స్టాంపుల కేటలాగులో కూడా చూడండి. రెంటిలోనూ లేకపోతే వదిలేయండి. అంతకు ముందరి వాటిలో అజ్మాన్, ఫుజైరా, ఉమ్మ్ అల్ ఖైవైన్ లాంటి చిన్న గల్ఫ్ రాజ్యాల పేర్లతో 1970 ప్రాంతంలో వచ్చిన రంగురంగుల స్టాంపులు లెక్కలేనన్ని కనిపిస్తాయి. అవి పూర్తిగా నకిలీ కావు. కానీ ఉత్తరాల కోసం కాకుండా అమ్ముకోవడానికే అంతంత వేశారు. పిల్లలకి సరదాగా ఇవ్వండి, డబ్బు పోసి కొనొద్దు.

మన చెమ్మకి ముద్ర పడ్డవే మేలన్నాను కదా, దానికి ఇంకో లాభం కూడా ఉంది. నకిలీ షీట్లు ఎక్కువగా కొత్తవిగానే, ముద్ర లేకుండానే తిరుగుతాయి. కవరు మీద ప్రయాణం చేసి, తేదీ, ఊరి పేరు చదవగలిగే ముద్ర ఉన్న స్టాంపుతో మోసపోయే అవకాశం చాలా తక్కువ.

దాచడం, దొరికే చోట్లు

కాగితం మీదున్న వాడిన స్టాంపుని మామూలు నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేస్తే తనంతట తనే ఊడుతుంది. గోటితో లాగొద్దు. రంగు కవరు ముక్క అయితే విడిగా నానబెట్టండి, రంగు దిగి మిగతా వాటికి అంటుతుంది. వెనక స్టిక్కర్ గమ్ము ఉన్న కొత్తకాలం స్టాంపులు కొన్ని నీళ్లకి ఊడవు. వాటిని చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే పెట్టుకోండి. స్టాంపు అంచున ఉండే పళ్లు ఒక్కటి కూడా తెగకూడదు. చేత్తో కాకుండా స్టాంపుల పట్టకారుతో పట్టుకోండి. ఫొటో ఆల్బమ్‌లో, వాసనొచ్చే ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, ఆ ప్లాస్టిక్‌లోని రసాయనాలు రంగుని తినేస్తాయి. లామినేషన్ మాట ఎత్తొద్దు. మంచి స్టాక్ బుక్ ఒకటి కొని, పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. గోడకి ఆనకుండా, నేలకి ఎత్తులో.

కొనడానికి మన జిల్లాల్లో ప్రత్యేకమైన దుకాణాలు వెతుక్కోవడం కష్టమే. తపాలా శాఖలో రెండొందల రూపాయలతో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తగా వచ్చే మన దేశపు స్టాంపులు ఇంటికే వస్తాయి. 2017లో అక్షింతల పురుగుల స్టాంపులు అలా అందుకున్నవాళ్లు ఉన్నారు. కాకపోతే మన అంశానికి ఎక్కువ సరుకు విదేశాలదే. దానికి మార్పిడే మంచి దారి. మీ దగ్గర రెండేసి ఉన్న భారతీయ స్టాంపులు బయటివాళ్లకి పంపి తూనీగలు తెప్పించుకోండి. ఆన్‌లైన్ వేలంలో కొంటే వెనక వైపు ఫొటో కూడా అడగండి. వెనక చూపించనివాళ్ల దగ్గర కొనొద్దు.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి మధ్య పిల్లలుంటే దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన గురించి తెలుసుకోండి. 2017లో మొదలైన ఈ పథకంలో ఎంపికైన పిల్లలకి ఏడాదికి ఆరు వేల రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వం గానీ, ఇందాక చెప్పిన డిపాజిట్ ఖాతా గానీ ఉండాలి. స్టాంపుల మీద క్విజ్ రాయాలి, ప్రాజెక్టు ఒకటి చేయాలి. 'మా ఊరి చెరువు తూనీగలు, ప్రపంచ స్టాంపుల మీద' అన్నది మంచి ప్రాజెక్టు అవుతుందని మా మేనకోడలితో అన్నాను.

మొదట ఐదొందలే ఖర్చు పెట్టాలనుకుంటే నేనైతే ఇలా పెడతాను. స్టాక్ బుక్, పట్టకారు, లెన్సుకి సగం పైన పోతుంది. అక్కడ పొదుపు చేయొద్దు. మిగిలినదాంట్లో సింగపూర్ ఐదు సెంట్లది, రెండు డాలర్లది వాడినవి, జపాన్ పాతకాలపు తూనీగ ఒకటి. డబ్బు మిగిలితే బ్రిటన్ ముప్పై నాలుగు పెన్నీలది. జర్మనీ సెట్ కోసం తొందర వద్దు, ముద్ర పడ్డ సెట్ దొరికేదాకా ఆగండి. నేనూ దాని కోసమే చూస్తున్నాను. ఒక్కో స్టాంపు కింద చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో దేశం, ఏడాది, తూనీగ పేరు రాయండి. నిజం తూనీగని మీరు చూసి ఉంటే ఎక్కడ, ఎప్పుడు చూశారో కూడా రాయండి. మా మేనకోడలి పుస్తకంలో మొదటి స్టాంపు కింద ఇలా ఉంది: "సింగపూర్, 1985. ట్రైథెమిస్ అరోరా, మగది. టెక్కలి, మా బడి వెనక చెరువు, ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర, తామర మొగ్గ మీద."